ముందు ఏం నేర్వాలి? చదరంగంలో తొలి అడుగుల మీద తెగని వాదన

చదరంగం ఎలా నేర్పాలన్న వాదన పాతదే. ఇప్పుడు మారిందల్లా ఆ వాదన మొత్తం ఒక్కసారిగా నేర్చుకునేవాడి మీద వచ్చి పడటం. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దులోని చిలమత్తూరు లాంటి ఊళ్లో ఒకప్పుడు పిల్లవాడికి ఈ ఆట మీద మనసు పుడితే, ఇంట్లో పెద్దలో బళ్లో వ్యాయామం సారో చెప్పిందే వాడికి పాఠం. అదే పిల్లవాడు ఇవాళ ఫోను తెరిస్తే ఒకరు ఓపెనింగులు (ఆట తొలి ఎత్తుల వరుసలు) కంఠతా పట్టమంటారు, ఇంకొకరు వాటి జోలికే పోవద్దంటారు. ఒకరు రోజుకు వంద పజిళ్లు చేయమంటారు, మరొకరు నిదానంగా ఒక్క ఆట ఆడితే చాలంటారు. ప్రతి సలహాకూ దన్నుగా ఎవరో ఒక గ్రాండ్‌మాస్టర్ పేరు వినిపిస్తుంది.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను 7.5–6.5 తేడాతో ఓడించి దొమ్మరాజు గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని పిల్లవాడు. ఆనాటి నుంచి మన ఇళ్లలో ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తోంది: మావాడిని ఎక్కడ మొదలుపెట్టించాలి?

ఈ సమీక్ష గ్రాండ్‌మాస్టర్ కావడం గురించి కాదు. పావులు కదపడం తెలిసి, మంత్రిని ఊరకే పోగొట్టుకునే దశ నుంచి, పోటీలో కూర్చుని మూడు గంటలు నిలకడగా ఆడే దశ దాకా ఉన్న దారి గురించి. ఆ దారి మీద జరిగిన వాదనల్లో ఏది తేలింది, ఏది తేలలేదు అన్నదే ఇక్కడి విషయం.

రెండు రకాల నియమాల దేశం

మన దగ్గర ఈ ఆట నేర్పడంలో ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. ఇక్కడి పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో రెండు గడులు దూకేది కాదు. రాజు ఒక్కసారి గుర్రంలా గెంతేవాడు. చివరి గడి చేరిన బంటు తాను చేరిన వరుసకు చెందిన పావుగానే మారేది. ఐరోపా నియమాలు వచ్చాక రెండూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. ఇళ్లలో ఆడేవారి మధ్య పాత అలవాట్ల ఛాయలు ఇంకా తగులుతాయి. తాతగారి దగ్గర నేర్చుకున్న పిల్లవాడు పోటీకి వెళ్లినప్పుడు మొదట తడబడేది ఇక్కడే.

నేర్పడం గురించి మనవాళ్లు ఆలోచించలేదనుకోవడం మాత్రం పొరపాటు. తిరువెంగడాచార్య శాస్త్రి సంస్కృతంలో కూర్చిన చదరంగ గ్రంథం 1814లో బొంబాయిలో ఇంగ్లీషులో అచ్చయింది. ఐరోపా పద్ధతికి అనువుగా మలచిన ఆ పుస్తకం నిండా ఉన్నవి స్థితులు. ఇప్పటి మాటలో చెప్పాలంటే పజిళ్లు. నేర్చుకునేవాడి ఆటనూ జ్ఞాపకశక్తినీ పెంచడమే వాటి పని అని ఆ గ్రంథం తన పేరులోనే చెప్పుకుంది. 1829లో మద్రాసులో గులాం కాసిం, జేమ్స్ కాక్రేన్ కలిసి ముజియో గాంబిట్ అనే ఒకే ఒక్క ఓపెనింగు మీద పుస్తకం వేశారు. అంటే పజిళ్లా, ఓపెనింగులా అన్న ఇవాళ్టి తగాదాకు రెండు మూలాలూ దాదాపు 200 ఏళ్ల కిందటే మన దేశంలోనే అచ్చులో ఉన్నాయి.

ఆ తగాదాలో ఒక పక్షానికి బలమైన సాక్షి పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్. భారతీయ నియమాలతో పెరిగి, ఐరోపా నియమాలు పెద్దయ్యాక నేర్చుకున్న ఈయన 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు. హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ విజేత కాపబ్లాంకా అంతటివాణ్ని ఓడించారు. ఓపెనింగుల్లో ఆయన బలహీనుడని, నడిమి ఆటలోనూ ముగింపులోనూ ఆయన్ని పట్టుకోవడం కష్టమని ఆనాటి వారంతా రాశారు. ఓపెనింగులు రాకపోయినా పైకి రావచ్చునన్న వాదనకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయితే ఆయన కాలంలో ప్రత్యర్థుల చేతుల్లో ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ఇంజిన్లు లేవు.

మన ఊళ్లలో ఇంకో బడి కూడా ఉండేది: పులి–మేక. దక్షిణాది గుడి మండపాల బండల మీద చెక్కిన ఆ గీతలను చూడనివారు తక్కువ. ఒకరి దగ్గర బలమైన పులులు కొన్నే, మరొకరి దగ్గర బలహీనమైన మేకలు చాలా. మేకలు ఒకదానికొకటి కాపు కాసుకుంటూ పులిని కదలనీయకుండా చేయాలి. ఒంటరి మేక పోతుంది. చదరంగంలో కొత్తవాడు మొదటి ఏడాదంతా నేర్చుకునే పాఠం దాదాపు ఇదే. తమిళనాడు, ఆంధ్ర బడుల్లో చదరంగం పాఠాలు తయారుచేసేవారు ఈ ఆటను తొలిమెట్టుగా వాడుకోకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

విజేతల ఇళ్లు ఎంత చెప్పగలవు

తెలుగు నేలకు ఈ విషయంలో ఉదాహరణలకు కొదవ లేదు. గుంటూరు పెంటేల హరికృష్ణ ఇంట్లో తాతగారి దగ్గర పావులు పట్టుకుని, 2001లో గ్రాండ్‌మాస్టర్ అయి, 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచారు. గుడివాడ కోనేరు హంపికి గురువు తండ్రి అశోక్. ఉద్యోగం వదిలి కూతురి శిక్షణకే కూర్చున్నారు. ఆమె 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, అప్పటిదాకా జూడిట్ పోల్గార్ పేర ఉన్న మహిళల రికార్డును మూడు నెలల తేడాతో దాటారు. 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్లు ఆమెవే. ద్రోణవల్లి హారిక ఎన్.వి.ఎస్. రామరాజు శిక్షణలో ఎదిగి 2011లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. వరంగల్ ఇరిగేశి అర్జున్ 2018లో ఆ హోదా అందుకుని, 2024 డిసెంబరు ప్రపంచ రేటింగు జాబితాలో 2801కి చేరాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అతనే.

ఈ కథల్లో అందరికీ కలిసేది ఏమిటి? పద్ధతి కాదు. ఒకరికి తాత, ఒకరికి తండ్రి, ఒకరికి శిక్షకుడు. కలిసేదల్లా రోజూ పక్కన కూర్చుని, ఈ ఎత్తు ఎందుకు వేశావని అడిగే మనిషి ఒకరు ఉండటం. హంగరీలో జూడిట్ తండ్రి లాజ్లో పోల్గార్ తన ముగ్గురు కూతుళ్లను ఇంట్లోనే పెంచి, ప్రతిభ పుట్టుకతో కాదు సాధనతో వస్తుందని నిరూపించానన్నారు. అక్కడా నిజంగా పరీక్షకు నిలిచింది ఒక పాఠ్యక్రమం కాదు, ఒక ఇల్లు.

అందుకే విజేతల జీవితాల నుంచి పద్ధతులు ఏరుకోవడం విషయంలో జాగ్రత్త పడాలి. అదే పద్ధతి పాటించి ఎక్కడా పేరు రాని వందలమంది మన లెక్కలోకి రారు. తల్లిదండ్రులు తరచూ మోసపోయేది ఇక్కడే. గుకేశ్ నాలుగో తరగతి తర్వాత పూర్తికాలం బడికి వెళ్లలేదని చదివి, పిల్లల్ని బడి మాన్పించే ఆలోచన చేసేవారు ఆ వాక్యం వెనక ఎంత ఖర్చు, ఎంత తెగింపు ఉన్నాయో చూడటం లేదు.

నాలుగు పక్షాలు

కొత్తవాడికి ముందు ఏది చెప్పాలన్న దానిపై వందేళ్లుగా ప్రధానంగా నాలుగు వైపుల నుంచి సమాధానాలు వస్తున్నాయి.

మొదటిది ముగింపు నుంచి మొదలుపెట్టమనే పక్షం. కాపబ్లాంకా 1921లో రాసిన ప్రాథమిక గ్రంథం ఏనుగుతో, మంత్రితో ఒంటరి రాజుకు ఆటకట్టు ఎలాగో చెబుతూ మొదలవుతుంది. బోర్డు మీద పావులు తక్కువుంటేనే ఒక్కో పావు బలం కంటికి ఆనుతుందన్నది వీరి మాట. ఒక రాజు, ఒక బంటు ఒకవైపు, ఒంటరి రాజు మరోవైపు ఉన్న స్థితినే తీసుకోండి. రాజులిద్దరూ మధ్యలో ఒక గడి వదిలి ఎదురెదురుగా నిలిస్తే, ఇక కదలాల్సిన వంతు ఎవరిదన్న ఒక్క విషయం మీదే గెలుపో, డ్రానో తేలిపోయే సందర్భాలు ఎన్నో. ఎత్తు వేయాల్సి రావడమే కష్టం తెచ్చిపెట్టవచ్చునన్న సంగతి ఇంకెక్కడా ఇంత స్పష్టంగా తెలియదు. ఈ పక్షానికి ఎదురయ్యే అభ్యంతరం ఒకటే, గట్టిదే: కొత్తవాళ్ల ఆటలు ముగింపు దాకా రావు. ఇరవయ్యో ఎత్తుకే ఒకరి దగ్గర ఏనుగు ఎక్కువుంటుంది.

రెండోది దాడులు, ఉచ్చులు ముందు నేర్పమనే పక్షం. గుర్రం ఒకే ఎత్తుతో రెండు పావుల మీద పడటం, రాజుకు అడ్డుగా నిలిచి కదలలేని పావును పట్టడం, కాపు లేని పావును చూడగలగడం లాంటివి. 2002లో అమెరికన్ ఆటగాడు మైకేల్ డి లా మాజా, ఒకే పజిళ్ల గుచ్ఛాన్ని ఏడుసార్లు తిరగేస్తూ పోతే రేటింగు వందల పాయింట్లు పెరుగుతుందని పుస్తకం రాశాడు. 2018లో యాక్సెల్ స్మిత్, హాన్స్ టిక్కనెన్ అదే ఆలోచనను వడ్రంగిపిట్ట పద్ధతి అన్న పేరుతో మరింత క్రమంగా చెప్పారు. కొత్తవాడి ఓటముల్లో చాలా భాగం ఇలాంటి పొరపాట్ల వల్లేనన్న మాటను ఎవరూ కాదనరు. వాదనంతా ఇంకోచోట ఉంది. పజిల్‌లో ఇక్కడ ఏదో ఉందని ముందే తెలుస్తుంది. ఆటలో ఆ మాట ఎవరూ చెప్పరు. వెయ్యి పజిళ్లు చేసినవాడు నిజమైన ఆటలో మంత్రిని వదిలేయడం ఇందుకే. వాడికి సమాధానం వెతకడం వచ్చింది, ప్రశ్న పసిగట్టడం రాలేదు.

మూడో పక్షం ఆలోచనకు పెద్దపీట వేస్తుంది. 1925లో పుస్తకం రాసిన నిమ్జోవిచ్ మొదలుకొని జెరెమీ సిల్మన్ దాకా వీరంతా స్థితిని చదవడం, పథకం వేయడం నేర్పుతారు. మంచి పుస్తకాలే. కానీ మొదటి ఏడాది పాఠకుడికి ఇవి తొందరపాటు అవుతాయని నా అంచనా. రెండెత్తుల తర్వాత శకటు (బిషప్) పోతుందని చూడలేనివాడికి బలహీన గడుల సిద్ధాంతం వల్ల ఒరిగేది తక్కువ.

నాలుగోది ఓపెనింగుల పక్షం. ఇవాళ ఫోనుల్లో అన్నిటికంటే గట్టిగా వినిపించేది ఇదే. దీని ఆకర్షణ అర్థమవుతుంది: ఆట అక్కడే మొదలవుతుంది కాబట్టి అక్కడే చదవాలనిపిస్తుంది. దీని బలహీనత తెలియడానికి పిల్లలంతా ముందు నేర్చుకునే నాలుగెత్తుల ఆటకట్టే చాలు. తెల్లవాడు ఇ4, నల్లవాడు ఇ5 బంటు వేశాక, తెల్లవాడు రెండో ఎత్తులోనే మంత్రిని హెచ్5కు తెస్తాడు. మూడో ఎత్తులో శకటు సీ4కు వస్తుంది. గమనించకపోతే నాలుగో ఎత్తులో మంత్రి ఎఫ్7 బంటును కొట్టి ఆట కట్టేస్తుంది. నల్లవాడు రెండో ఎత్తులో గుర్రాన్ని సీ6కు తెచ్చి, మూడో ఎత్తులో జీ6 బంటు వేస్తే మంత్రి వెనక్కి పోక తప్పదు. సరే, జీ6 మంచి ఎత్తని బట్టీ పట్టిన పిల్లవాడు దాన్ని ఒక ఎత్తు ముందే వేశాడనుకోండి. మంత్రి ఇ5 బంటును చంపి రాజుకు చెక్ చెప్పి, మరుసటి ఎత్తులో మూలనున్న ఏనుగును కూడా కొట్టుకుపోతుంది. అదే బంటు, అదే గడి, ఒక్క ఎత్తు తేడా. ఎందుకన్నది తెలియకుండా కంఠస్థం చేసిన ఓపెనింగు ఇలాగే కొంప ముంచుతుంది.

పక్కపక్కన పెడితే తేడా ఇలా కనిపిస్తుంది. ముగింపుల పక్షం ఇచ్చే జ్ఞానం ఎన్నటికీ పాతబడదు, ఫలితం మాత్రం ఆలస్యంగా వస్తుంది. పజిళ్ల ఫలితం నెలల్లోనే కనిపిస్తుంది, అది ఆటలోకి ఎంత దిగుతుందన్నదే సందేహం. పథకాల పక్షం తగిన సమయం వచ్చేదాకా అరగదు. ఓపెనింగులు త్వరగా ధైర్యాన్నిస్తాయి, ఎదుటివాడు పుస్తకం తప్పిన క్షణంలో ఆ ధైర్యం అంతే త్వరగా పోతుంది. నెదర్లాండ్స్‌లో రాబ్ బ్రూనియా, కోర్ వాన్ వైగర్డెన్ 1980ల్లో రూపొందించిన మెట్ల పద్ధతి మొదటి రెంటినీ కలిపి, ఆటకట్టు చెప్పడానికి ముందే చిన్న చిన్న ఆటలు ఆడిస్తుంది. బంటులతో మాత్రమే పందెం, ఒక్క గుర్రంతో బంటుల వేట లాంటివి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంతకంటే ఓపికగా చెప్పే పద్ధతి నేను చూడలేదు.

లాస్కర్ 200 గంటలు

ఈ గొడవలో నాకు అందరికంటే విలువైన సాక్ష్యం ఎమాన్యుయేల్ లాస్కర్ వేసిన ఒక చిన్న లెక్క. 27 ఏళ్లు ప్రపంచ విజేతగా ఉన్న ఆయన తన చదరంగ గ్రంథం చివర, సామాన్యమైన తెలివిగల మనిషికి ఆట నేర్పడానికి 200 గంటలు చాలని రాసి, వాటిని పంచి చూపారు. నియమాలకు 5 గంటలు. సులువైన ముగింపులకు 5. కొన్ని ఓపెనింగులకు 10. ఎత్తుల కూర్పులకు 20. స్థితిని అంచనా కట్టే ఆటకు 40. మిగిలిన 120 గంటలు ఆడటానికీ, ఆడినదాన్ని తిరిగి పరిశీలించడానికీ.

రోజుకు గంట చొప్పున ఏడు నెలలకు లోపే. ఇందులో గమనించాల్సింది మొత్తం కాదు, వాటా. నాలుగు పక్షాలు దేని కోసం కొట్లాడుకుంటున్నాయో ఆ భాగమంతా కలిపినా 200లో 80కి మించదు. సగం కంటే ఎక్కువ కాలం ఆడటం, ఓడటం, ఆ ఓటమిని మళ్లీ బోర్డు మీద పేర్చుకుని చూడటం. సోవియట్ యూనియన్‌లో మాజీ ప్రపంచ విజేత బోట్విన్నిక్ తన శిష్యులకు పట్టుబట్టి చెప్పిందీ ఇదే: ఎవరి ఆటలు వాళ్లు స్వయంగా విశ్లేషించి రాయాలి. ఆ బడిలో కూర్చున్నవారిలో కార్పోవ్, కాస్పరోవ్, క్రామ్నిక్ ఉన్నారు. ముందు ఏం నేర్వాలన్న ప్రశ్నను లాస్కర్, బోట్విన్నిక్ ఇద్దరూ మరోలా తిప్పారు: నేర్చినది నీ ఆటలోకి వచ్చిందో లేదో ఎలా తెలుసుకుంటావు?

ఇంజిన్ ఎప్పుడు తెరవాలి

ఇప్పటి వాదనల్లో అతి వేడిగా ఉన్నది ఇది. 1997లో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించడానికి డీప్ బ్లూ అనే భారీ యంత్రం కావాల్సి వచ్చింది. ఇప్పుడు అంతకంటే ఎంతో బలమైన స్టాక్‌ఫిష్ ఇంజిన్ ఎవరి ఫోనులోనైనా ఉచితం. ఆట ముగిసిన మరుక్షణం ఏ ఎత్తు తప్పో ఎర్ర గుర్తు పెట్టి చూపిస్తుంది. శిక్షకుడు లేని ఊరికి ఇది వరమన్నది ఒక వాదం. చిలమత్తూరు పిల్లవాడికీ మాస్కో పిల్లవాడికీ సమాధానాల పుస్తకం ఇప్పుడు ఒకటేనన్నది ఆ వాదంలోని నిజం.

ఎదుటి పక్షానికి గుకేశ్ ఉదాహరణ దొరికింది. అతని శిక్షకుడు విష్ణు ప్రసన్న, దాదాపు 2500 రేటింగు వచ్చేదాకా అతణ్ని ఇంజిన్‌కు దూరంగా ఉంచారు. అందరూ యంత్రంతో పెరుగుతున్న తరంలో అది పెద్ద సాహసం. సొంతంగా లెక్కగట్టే శక్తి, తన అంచనా మీద నమ్మకం దానివల్లే వచ్చాయని వారి మాట. కానీ ఆ నిర్ణయం వెనక పక్కన ఒక గ్రాండ్‌మాస్టర్ ఉన్నాడన్నది మరవకూడదు. ఇంజిన్ చేయాల్సిన పనిని ఆయన చేశారు. గురువూ లేక, ఇంజినూ తెరవక ఉంటే తప్పు తప్పుగానే మిగిలిపోతుంది.

ఈ రెండు పక్షాల మధ్య రాజీ అంత కష్టం కాదు. ఆట అయ్యాక ముందు తానుగా, కాగితం మీద, ఎక్కడ దారి తప్పానో రాసుకోవాలి. ఆ తర్వాతే ఇంజిన్ చెప్పేది చూడాలి. రెండూ సరిపోలిన చోట నమ్మకం, తేడా వచ్చిన చోట పాఠం. ఇంజిన్ తప్పు ఎక్కడుందో చెబుతుంది కానీ, తొమ్మిదేళ్ల పిల్లవాడి కంటికి అది ఎందుకు కనబడలేదో చెప్పలేదు. ఆ రెండోది తెలిస్తేనే రేపటి ఆట మారుతుంది.

వేగమా, నిదానమా

ఇక్కడ చెన్నై నుంచే రెండు ఎదురెదురు సాక్ష్యాలు. ఆనంద్ ఆరేళ్లప్పుడు తల్లి సుశీల దగ్గర నేర్చుకుని, అక్కడి తాల్ చదరంగం క్లబ్బులో, నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలు ఒకదాని మీద ఒకటి ఆడుతూ పెరిగారు. గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు లేచి మళ్లీ వరుసలో నిలబడాలి. గుకేశ్ బలమంతా నిదానపు ఆటలోనిది. వేగపు ఆటల్లో అతను అంత బలవంతుడు కాడన్నది అందరికీ తెలుసు. ఇద్దరూ ప్రపంచ విజేతలే.

అయినా కొత్తవాడి విషయంలో ఈ వాదన చాలావరకు తేలిందనే నా అభిప్రాయం. తాల్ క్లబ్బులో కుర్చీ దక్కాలంటే ముందు గెలవాలి. ఓడితే మనుషుల మధ్య కాసేపు నిలబడి చూడాలి. ఫోనులో మూడు నిమిషాల ఆట ఓడితే ఒక్క మీట నొక్కగానే ఇంకోటి మొదలవుతుంది. ఆ రెండూ ఒకటే అలవాటు కాదు. లెక్కగట్టడం ఇంకా రానివాడు వేగంగా ఆడితే లెక్కగట్టకుండా ఆడటమే వాడికి అలవాటవుతుంది.

పరిశోధనలు ఏమన్నాయి

1946లో డచ్ శాస్త్రవేత్త అడ్రియాన్ డి గ్రూట్ గొప్ప ఆటగాళ్లు మిగతావారికంటే మరీ ఎక్కువ ఎత్తులు ముందుకు చూడరని గమనించారు. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఒక నిజమైన ఆటలోని స్థితిని అయిదు సెకన్లు చూపించి మళ్లీ పేర్చమన్నారు. మాస్టర్ సుమారు 16 పావులు సరిగ్గా పెట్టాడు, కొత్త ఆటగాడు నాలుగు. పావులను ఇష్టమొచ్చినట్టు చెదరగొట్టి చూపిస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. అంటే మాస్టరు గొప్పతనం జ్ఞాపకశక్తిలో లేదు, తెలిసిన ఆకారాల్లో ఉంది. పజిళ్ల పక్షం ఈ ఫలితాన్ని తమ సొంతమనుకుంటుంది. కానీ ఆ ఆకారాలు పజిళ్ల వల్లే పోగుపడతాయా, నిదానపు ఆటల వల్లా అన్నది ఈ ప్రయోగం చెప్పదు.

2005లో నీల్ చార్నెస్ బృందం, రేటింగును ఊహించడానికి అన్నిటికంటే పనికొచ్చేది ఒంటరిగా కూర్చుని చేసిన గంభీరమైన అధ్యయనమేనని తేల్చింది. గ్రాండ్‌మాస్టర్లు మొదటి పదేళ్లలో అలా సుమారు 5,000 గంటలు గడిపారట. సాధనే సర్వం అనేవారికి ఇది ఊతం. కానీ అర్జెంటీనా ఆటగాళ్ల మీద గోబె, కాంపిటెల్లి చేసిన అధ్యయనంలో మాస్టర్ స్థాయికి ఒకరికి సుమారు 3,000 గంటలు పడితే మరొకరికి 23,000 పట్టాయి. 2014లో డేవిడ్ హాంబ్రిక్ బృందం ఆటగాళ్ల మధ్య తేడాల్లో సాధన వివరించగలిగేది మూడో వంతు మాత్రమేనని లెక్కగట్టింది. మిగతా రెండు వంతులు ఏమిటన్నది, వయసా, బుద్ధా, గురువా, ఇంటి వాతావరణమా, ఇప్పటికీ గొడవే.

చదరంగం ఆడితే లెక్కలు బాగా వస్తాయన్న ప్రచారానికి మాత్రం ఆధారాలు బలహీనం. ఇంగ్లండులో 100 ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. 30 గంటల పాఠాలు విన్న ఏడాది తర్వాత చూస్తే, లెక్కల్లో గానీ చదవడంలో గానీ తేడా కనబడలేదు. మార్కుల ఆశ చూపించి పిల్లల్ని అకాడమీలో చేర్పించేవారు ఈ మాటను దాచకూడదు. ఆట అందం ఆటలోనే ఉంది, దానికి మార్కుల సిఫార్సు అక్కర్లేదు.

చిలమత్తూరు నుంచి చూస్తే

లేపాక్షి దాటి కొడికొండ చెక్‌పోస్టు వైపు వెళ్లే దారిలో ఉన్న ఈ మండలం ఒక విచిత్రమైన అంచున ఉంది. జాతీయ రహదారి 44 మీదకు వస్తే బెంగళూరు వంద కిలోమీటర్ల దూరం. కర్ణాటక సరిహద్దుకు అవతల బాగేపల్లిలోనూ మాట్లాడేది ఎక్కువగా తెలుగే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలకూ పెద్ద పోటీలు దొరికేది అనంతపురం వైపో బెంగళూరు వైపో ప్రయాణిస్తేనే. రెండు రోజుల పోటీ అంటే ఎంట్రీ ఫీజు, బస్సు చార్జీలు, ఒక రాత్రి బస, వెంట వెళ్లే పెద్దవారి రెండు రోజుల కూలి. పద్ధతుల మీద వాదించే పుస్తకాలేవీ ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోవు.

2024 మార్చి 1న ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడె కనీస రేటింగును 1000 నుంచి 1400కు పెంచింది. అంతకు ముందు ఎలాగోలా జాబితాలో పేరు చూసుకునే కొత్త ఆటగాడు, ఇప్పుడు 1400కు తగ్గ ఆట చూపించేదాకా బయటే ఉండాలి. రేటింగుల లెక్క సరిదిద్దడానికి ఆ నిర్ణయం అవసరమే కావచ్చు. కానీ నెలకో పోటీకి వెళ్లగలిగే నగరం పిల్లవాడికీ, ఏడాదికి రెంటికి వెళ్లగలిగే పల్లె పిల్లవాడికీ ఆ మెట్టు ఒకే ఎత్తులో కనిపించదు. రేటింగును ఎదుగుదలకు కొలబద్దగా పెట్టుకోవద్దని ఇలాంటి చోట పిల్లలకు ముందే చెప్పడం మంచిది.

ఫోనులోనే నేర్చుకున్నవారికి ఇంకో లోటు ఉంటుంది. తెర మీద తప్పు గడికి పావు కదిపితే అది ఒప్పుకోదు. బోర్డు మీద ముట్టుకున్న పావును కదపాల్సిందే, నియమానికి విరుద్ధంగా కదిపితే శిక్ష తప్పదు. పక్కన గడియారం, ఎదురుగా మనిషి, చేతిలో ఎత్తులు రాసే కాగితం. తెర మీద వెయ్యి ఆటలు ఆడిన పిల్లవాడు మొదటి పోటీలో ఎత్తులు రాయడం మరచిపోయి సతమతమవుతాడు. ఇద్దరు స్నేహితులు, ఒక ప్లాస్టిక్ బోర్డు, ఒక నోటు పుస్తకం ఉంటే ఈ లోటు ఊళ్లోనే తీరుతుంది.

భాష మాట కూడా చెప్పాలి. తెలుగులో చదరంగం మాటలు ఇంకా కుదురుకోలేదు. ఒకరు శకటు అన్నదాన్ని ఇంకొకరు ఒంటె అంటారు, పోటీలకు తిరిగినవారు బిషప్పే అంటారు. ఎత్తులు రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో. మంచి వీడియోలన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో. నాలుగో తరగతి తెలుగు మీడియం పిల్లవాడు ఆట కంటే ముందు ఆ భాషతో కుస్తీ పట్టాలి. ఎత్తుకు పై ఎత్తు, పావులు కదపడం, ఆటకట్టు అన్న మాటలను రాజకీయ వార్తలకు ధారాళంగా వాడుకునే మన భాషలో, ఆ ఆట నేర్పే క్రమమైన పాఠాలు ఇంత తక్కువ ఉండటం బాధ కలిగించే విషయం.

తేలనివి

ఇంతా చూశాక కొన్నింటిని తేలినట్టే అనుకోవచ్చు. మొదటి ఏడాది ఓపెనింగులకు పెద్ద వాటా దండగ. నిదానపు ఆట, సొంత ఆటను తిరగేయడం అన్ని పక్షాలూ ఒప్పుకునేవే. పజిళ్లు కావాలి, కానీ వాటితోనే ఆగితే చాలదు.

తేలనివి ఇంకా ఉన్నాయి. నలభై ఏళ్ల వయసులో మొదలుపెట్టినవారికి ఇదే క్రమం పనికొస్తుందా అన్నది ఒకటి. పద్ధతులన్నీ పిల్లలను చూసే తయారయ్యాయి. ఇంజిన్‌తోనే పెరిగిన మొదటి తరం నలభయ్యో పడికి వచ్చినప్పుడు వారి ఆట ఎలా ఉంటుందన్నది మరొకటి. చిన్నప్పుడు ఆటలో చేరే ఆడపిల్లలు పదిహేనేళ్లు దాటేసరికి పోటీల నుంచి ఎందుకు తగ్గిపోతున్నారన్నది అన్నిటికంటే బరువైన ప్రశ్న. హంపి, హారిక పుట్టిన నేల మీద ఆ ప్రశ్నను ప్రయాణ ఖర్చుతోనూ, వెంట వెళ్లే మనిషితోనూ కలిపి అడగాలి.

పైన చెప్పిన పరిశోధనల్లో పాల్గొన్నవారు చాలావరకు క్లబ్బులున్న నగరాల ఆటగాళ్లు. గురువు లేని, క్లబ్బు లేని, ఫోను మాత్రమే ఉన్న పిల్లవాడు ఎలా ఎదుగుతాడన్నది వాటిలో లేదు. దానికి సమాధానం పెద్ద సంస్థల నుంచే రావాలని లేదు. ఒక ఉన్నత పాఠశాలలో ఇరవైమంది పిల్లలు ఏడాదిపాటు తమ ఆటలు నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు: తేదీ, ఆడిన రంగు, వేసిన ఎత్తులు, మొదటి పావు ఊరకే పోయింది ఎన్నో ఎత్తులో, అంతకు ముందు ఎత్తులో ఆ గడి వైపు చూశారా లేదా. ఏడాది మొదట్లో ఆ అంకె ఎనిమిదో ఎత్తు దగ్గర ఉండి, చివరికి ఇరవై దాటిందా అన్నది ఆ పుస్తకం చెబుతుంది.